బ్రాకెట్ ఎంచుకునే ముందు

పైథాన్‌లో మార్చు<ఇంట్>(విలువ) అని రాసి చూడండి. సింటాక్స్ తప్పని అది ఎక్కడా అభ్యంతరం చెప్పదు. ‘మార్చు’ కన్నా ‘ఇంట్’ పెద్దదా, ‘విలువ’ కన్నా కూడా పెద్దదా అని పోల్చబోతుంది. సీ షార్ప్‌లో జెనెరిక్ మెథడ్‌ని, అంటే ఏ టైప్‌తో పనిచేయాలో పిలిచేటప్పుడు చెప్పగలిగే మెథడ్‌ని, పిలిచే కోణపు బ్రాకెట్లకు పైథాన్‌లో ముందునుంచే వేరే పని ఉంది. డాట్‌నెట్ మీద పైథాన్‌ని నడపాలనుకున్న ఐరన్‌పైథాన్‌కి ఎదురైన చిక్కు ఇదే.

డైనమిక్ భాషలో టైప్ చెప్పాల్సిన అవసరమేముంది, పంపిన విలువే చెబుతుందిగా అంటారు. చాలాసార్లు నిజమే. కానీ ఇవ్వు<లాగర్>() లాంటి మెథడ్‌కి మనం పంపేదేమీ లేదు. ఏ టైప్ కావాలో పిలిచేవాళ్లే చెప్పాలి. జావాలో అయితే కంపైల్ అయ్యాక ఆ వివరం చెరిగిపోతుంది. 2005లో వచ్చిన డాట్‌నెట్ 2.0 మాత్రం ప్రోగ్రాం నడిచేటప్పుడు కూడా దాన్ని గుర్తుంచుకుంటుంది.

జిమ్ హ్యుగునిన్ మొదలుపెట్టిన ఐరన్‌పైథాన్ (2006లో 1.0 వచ్చింది) ఇవ్వు[లాగర్]() అని రాయమంది. పైథాన్‌లో మెథడ్ ఒక ఆబ్జెక్ట్, టైప్ కూడా ఆబ్జెక్టే. చదరపు బ్రాకెట్ అంటే లోపలున్నవాటిలోంచి ఒకటి ఎంచుకోవడం. లాగర్‌కి సరిపోయే రూపాన్ని ఎంచుకోవడానికి పార్సర్‌ని ముట్టుకోనక్కర్లేదు. ఇంత చక్కగా అమరిన పరిష్కారాలు నేను తక్కువగా చూశాను.

అదే బ్రాకెట్ రూబీలో కుదరదు. అక్కడ పేరు రాస్తే చాలు, మెథడ్ నడిచేస్తుంది. బ్రాకెట్ దాని ఫలితం మీద పడుతుంది. అందుకే రూబీని డాట్‌నెట్ మీదికి తెచ్చిన ఐరన్‌రూబీలో ముందు మెథడ్‌ని ఆబ్జెక్ట్‌గా పట్టుకుని, ‘ఆఫ్’తో టైప్ చెప్పి, ఆఖర్న ‘కాల్’ అనాలి. పొడవే, కానీ రూబీ రాసేవాళ్లు కొత్తగా నేర్చుకోవాల్సిన వ్యాకరణం అందులో లేదు. పీహెచ్‌పీని డాట్‌నెట్ మీదికి తెచ్చిన ఫాలంజర్ <: :> అని కొత్త గుర్తు పుట్టించింది. అది నాకు మింగుడుపడలేదు.

ఇలాంటి పని మన ఊళ్లోనూ జరిగింది. 1998లో హైదరాబాద్‌లో మొదలైన మైక్రోసాఫ్ట్ ఇండియా డెవలప్‌మెంట్ సెంటర్, హైటెక్ సిటీలో జే షార్ప్‌ని తయారుచేసింది. పైన జావా, కింద డాట్‌నెట్. డాట్‌నెట్ ఆట్రిబ్యూట్లకు, ప్రాపర్టీలకు, డెలిగేట్లకు అప్పటి జావాలో చోటు లేదు. జావా వ్యాకరణాన్ని కదపకుండా, /** */ కామెంట్ల లోపల @తో మొదలయ్యే ఆదేశాలుగా వాటిని ఇమిడ్చారు. కామెంట్ తీసేస్తే ప్రోగ్రాం ప్రవర్తన మారకూడదని నమ్మేవాణ్ని కాబట్టి ఆ పద్ధతితో నాకు పేచీ ఉంది. కానీ తమది కాని భాషలోకి అడుగుపెట్టి, దాని వాక్యాన్ని చెడగొట్టకుండా పని జరిపించారు, ఆ జాగ్రత్తంటే గౌరవం. జే షార్ప్‌ని ఆపేస్తున్నట్టు 2007లో ప్రకటించారు.

మళ్లీ జెనెరిక్ మెథడ్ల దగ్గరికి వస్తే, టైప్ చెప్పి నేరుగా పిలిచే సౌకర్యం పవర్‌షెల్‌కి 2022లో, 7.3 వెర్షన్‌తో గానీ రాలేదు. అంతవరకు చాలా సందర్భాల్లో రిఫ్లెక్షన్‌తో మెథడ్‌ని వెతికి, టైప్ అతికించి పిలవాల్సి వచ్చేది. దాంట్లోనూ చివరికి చదరపు బ్రాకెట్లే పెట్టారు.

సొంతంగా చిన్న స్క్రిప్టింగ్ భాష రాసుకునే కుర్రాళ్లు మాదాపూర్‌లో తరచూ తగులుతుంటారు. కోణపు బ్రాకెట్లే కావాలంటే, వాళ్ల ముందు ఒక లైను పెడతాను: ఫ(గ<అ, ఆ>(7)). ‘ఫ’కి వెళ్లేది ఒక జెనెరిక్ పిలుపా, రెండు పోలికలా? సీ షార్ప్ అయితే > తరవాత ఏ గుర్తు వచ్చిందో చూసి తేల్చుకునే నియమం పెట్టుకుంది. మీ భాషలో దాన్ని ఎలా తేలుస్తారో రాసి తీసుకురమ్మంటాను.