పరీక్షనాళికలో పసుపు

ఔషధ మొక్కల సారాల మీద వెలువడే పరిశోధన పత్రాలకు ఒక మూస స్థిరపడింది. ఆకునో వేరునో నీడన ఆరబెట్టి, పొడి చేసి, మెథనాలులోనో నీటిలోనో నానబెట్టి సారం తీస్తారు. దానికి యాంటీ ఆక్సిడెంటు గుణం ఉందా, బ్యాక్టీరియాను అడ్డుకునే శక్తి ఉందా అని పరీక్షిస్తారు. రెండూ ఉన్నాయనే సాధారణంగా తేలుతుంది. ప్రాచీన వైద్యం చెప్పినదాన్ని ఆధునిక విజ్ఞానం రుజువు చేసిందంటూ పత్రం ముగుస్తుంది. పరీక్షలతో నాకు పేచీ లేదు. ఆ ముగింపుకు వాటిలో ఆధారం లేదన్నదే నా అభ్యంతరం. మనందరికీ పరిచయమైన పసుపునే ఉదాహరణగా తీసుకుందాం.

మొదటి పరీక్షలో తరచు వాడేది డీపీపీహెచ్ అనే ఊదారంగు పదార్థం. ఇది స్థిరంగా ఉండే ఫ్రీ రాడికల్. ఎలక్ట్రాన్‌నో హైడ్రోజన్ పరమాణువునో ఇవ్వగల పదార్థం కలిస్తే దాని ఊదారంగు వెలిసి పసుపుపచ్చగా మారుతుంది. 517 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ ఎంత తగ్గిందో కొలిచి శాతాల్లో చెబుతారు. పసుపులోని కర్క్యుమిన్ ఫినాల్ జాతికి చెందినది కనుక ఇందులో నెగ్గడం సహజం. టీ, కాఫీలు కూడా నెగ్గుతాయి. డీపీపీహెచ్ మాత్రం మన శరీరంలో ఎక్కడా ఉండదు. ఆహారపదార్థాల యాంటీ ఆక్సిడెంటు విలువల పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన వెబ్‌సైటు నుంచి తొలగించింది. నాళికలోని అంకె శరీరంలో జరిగేదాన్ని సూచించదనీ, ఆ అంకెలను వ్యాపార సంస్థలు దుర్వినియోగం చేస్తున్నాయనీ కారణం చెప్పింది.

రెండో పరీక్షలో అగార్ మీద బ్యాక్టీరియాను పరిచి, సారంలో తడిపిన కాగితపు బిళ్ళను ఉంచుతారు. మర్నాడు, బిళ్ళ చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఆ కొలత సారం బలంతో పాటు, అది అగార్‌లో ఎంత దూరం వ్యాపించగలదన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. కర్క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు. కనుక చిన్న వలయం బలహీనతకు గుర్తు కాకపోవచ్చు. పోల్చి చూడటానికి ఉత్త ద్రావకంలో తడిపిన బిళ్ళ లేకపోతే పెద్ద వలయాన్నీ నమ్మలేం. బ్యాక్టీరియా పెరుగుదలను ఆపే కనిష్ఠ గాఢత ఎంతో, అంత మోతాదు రక్తంలోకి చేరగలదో లేదో చెప్పినప్పుడే ఆ పరీక్షకు వైద్యపరమైన అర్థం వస్తుంది.

కర్క్యుమిన్ విషయంలో ఇక్కడే చిక్కు. పేగుల నుంచి రక్తంలోకి చేరేది అత్యల్పం. 1998లో బెంగుళూరు పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు, మిరియాల ఘాటుకు మూలమైన పైపెరిన్‌ను 20 మిల్లీగ్రాములు ఇచ్చి, లభ్యత సుమారు 20 రెట్లు పెరిగిందని ప్రకటించారు. నేడు పసుపు గుళికల సీసాల మీద మిరియాల సారం పేరు కనిపించడానికి మూలం ఇదే. 1994 నాటి అమెరికా చట్టం ప్రకారం ఇలాంటి గుళికలు పనిచేస్తాయని అమ్మకానికి ముందే ప్రభుత్వానికి రుజువు చూపనక్కరలేదు. 2017లో వెలువడిన ఒక ప్రసిద్ధ సమీక్ష, కర్క్యుమిన్ మీద విజయవంతమైన డబుల్ బ్లైండ్ ప్రయోగం ఒక్కటీ లేదని తేల్చింది. 2022లో అమెరికా కాలేయ వైద్యులు పసుపు గుళికలతో ముడిపడిన 10 కాలేయ హాని కేసులను నివేదించారు. వారిలో ఒకరు మరణించారు. కొన్ని గుళికల్లో పైపెరిన్ కూడా కనిపించింది. పప్పులో వేసే చిటికెడు పసుపుకు ఈ భయం వర్తించదు. రుజువు లేని ప్రయోజనం కోసం శరీరంలోకి పంపే సాంద్రీకృత మోతాదు గురించే ఈ హెచ్చరిక.

పుండ్లు మాన్పడానికి పసుపు వాడకం మీద అమెరికా 1995లో ఇచ్చిన పేటెంటును మన సి.ఎస్.ఐ.ఆర్. సవాలు చేయగా, 1997లో అది రద్దయింది. మనం గర్వించదగ్గ విజయమే. అయితే అక్కడ తేలింది ఆ వాడుక కొత్తది కాదని మాత్రమే. అది ఎంత బాగా పనిచేస్తుందన్నది అక్కడ విచారణాంశం కాదు. మన పత్రాలు ఈ రెంటినీ కలిపేస్తున్నాయి. పసుపు మీద గౌరవం ఉన్నవాళ్ళే ముందుగా ఆ తేడాను పట్టించుకోవాలి.