సర్వే పాఠాల్లో ఏడవ వంతు

సర్వే నేర్పే పాఠ్యగ్రంథాలలో వక్రీభవనానికి దక్కే చోటు చాలా తక్కువ. భూమి గుండ్రంగా ఉండటంవల్ల దూరపు స్టాఫ్ మీద రీడింగు ఎక్కువ వస్తుంది. కాంతికిరణం గాలిలో కిందికి వంగటంవల్ల ఆ దోషంలో ఏడవ వంతు తగ్గిపోతుంది. కిలోమీటర్లలో దూరాన్ని వర్గంచేసి 0.0673తో గుణిస్తే దిద్దుబాటు మీటర్లలో వస్తుంది. పాఠం ఇంతటితో సరి. విద్యార్థి లెక్క చేస్తాడు, మార్కులూ వస్తాయి.

ఈ ఏడవ వంతు ప్రకృతి నియమం కాదు. గౌస్ మహాశయుడు హానోవర్ సర్వేలో తేల్చిన 0.13 కూడ దీనికి దగ్గరి అంకెయే. అది కొన్ని పరిశీలనల సగటు. సగటును స్థిరాంకంలాగా అచ్చువేయటంలోనే చిక్కున్నది.

చలికాలం మాట వచ్చినప్పుడు మరొక పొరపాటు జరుగుతుంది. చల్లని గాలికి సాంద్రత హెచ్చు, అందుచేత వక్రీభవనం హెచ్చు అని చెప్పి ఊరుకుంటారు. మాట అబద్ధం కాదు గాని, అసలు కారణం అది కాదు. ఉష్ణోగ్రత 30 డిగ్రీల నుంచి 5 డిగ్రీలకు పడిపోయినా, పైకి పోయేకొద్దీ గాలి చల్లబడే తీరు మారనంతవరకు కిరణం వంపు ఐదవ వంతైనా పెరగదు. ఎత్తుతోపాటు ఉష్ణోగ్రత ఎట్లా మారుతున్నదన్నదే ముఖ్యం. మబ్బులేని చలిరాత్రి నేల వేడిని కోల్పోయి, తన్ను ఆనుకొన్న గాలిని చల్లబరుస్తుంది. దానిపై గాలి వెచ్చగా ఉంటుంది. తెల్లవారుజామున పొగ పైకి లేవక పొలాలమీద చాపలాగా పరుచుకోవటం పల్లెలో అందరూ చూసినదే. అటువంటి వేళ మీటరు ఎత్తుకు డిగ్రీలో పదవ వంతు పెరుగుదల ఉంటే చాలు, కిరణం వంపు భూమి వంపులో దాదాపు పదింట తొమ్మిది వంతులవుతుంది. అప్పుడు 2 కిలోమీటర్ల చూపులో పుస్తకపు దిద్దుబాటు సుమారు 23 సెంటీమీటర్లు తప్పుతుంది. పదివేలకు ఒకటి వాలున్న కాలువకు అంత దూరంలో వచ్చే పల్లం 20 సెంటీమీటర్లే!

లెవెలింగులో చూపులు పొట్టిగా, ముందువెనుకలు సమానంగా ఉంచమనటం ఇందుకే. కాని రాజమహేంద్రవరం దగ్గర గోదావరివంటి నదిని దాటించేటప్పుడు చూపు పొడవు కాక తప్పదు. రెండు గట్లనుంచీ చూస్తే దోషం పోతుందని పుస్తకాలంటాయి. రెండు చూపులూ ఒకే సమయంలో జరగాలన్న షరతును మాత్రం చిన్న అక్షరాలకు వదిలివేస్తాయి.

ఎవరెస్టు శిఖరాన్ని 1849-50 చలికాలంలో, నూరు మైళ్ళకు పైబడిన దూరాన, బీహారు మైదానాలనుంచి కొలిచారు. నూరు మైళ్ళకు భూమి వంపు దిద్దుబాటు 2,000 మీటర్లు దాటుతుంది. అందులో ఏడవ వంతు సుమారు 290 మీటర్లు. వక్రీభవనపు ఈ అంకెలో పదవ వంతు తప్పితే శిఖరం 29 మీటర్లు పెరుగుతుంది, లేదా తరుగుతుంది. పైగా పరికరం ముందున్న గాలిలో వచ్చిన వంపే ఎక్కువ నష్టం చేస్తుంది. అక్కడి కోణదోషాన్ని దూరమంతా మోయాలి. 1856లో ప్రకటించిన ఎత్తు 29,002 అడుగులు. 1954లో భారత సర్వే శాఖ తేల్చినది 29,028. ఈసారి పరిశీలకులు నేపాలు కొండలెక్కి, శిఖరానికి చాలా దగ్గరగా థియోడొలైట్లు నిలిపారు. ఈ సంగతి పాఠంలో ఉంటే, లెక్క ఇచ్చినప్పుడు దూరంతోపాటు చూపు చూచిన గంటకూడ ఎందుకు ఇవ్వలేదని ఏ విద్యార్థి అయినా అడిగి ఉండేవాడు.