తెరవరాని పుస్తకం

కిందటేడు న్యూజెర్సీలో ఒక పాత మిత్రుడింట్లో వారం రోజులున్నాను. వెళ్లిన మర్నాడే అతను బీరువా తీసి, రెండు గట్టి ప్లాస్టిక్ పలకల మధ్య బిగించిన ఒక కామిక్ పుస్తకం నా చేతిలో పెట్టాడు. 1966 నాటి స్పైడర్‌మాన్ సంచిక. పైన చీటీ మీద 7.5 అని అంకె. "ఇందులో కథేమిట్రా?" అని అడిగాను. "చదవలేదు. విప్పితే ఆ అంకె పోతుంది. అంకె పోతే ధర పోతుంది" అన్నాడు. పక్కనున్న అతని కూతురు నవ్వింది. "బాబాయ్, నాన్న ఇలాంటివి నలభై నాకు ఆస్తిగా ఇస్తాడట. నేనెవరికి అమ్ముకోవాలి? నా వయసువాళ్లలో వీటిని కొనేవాళ్లు ఒక్కరు కూడా నాకు తెలియదు."

ఇది ఒక ఇంటి తగాదాగా మాత్రమే కనబడితే నేను రాయబూనేవాణ్ణి కాదు. కామిక్స్ సేకరణ బజారు భవిష్యత్తు మీద అమెరికాలో జరుగుతున్న వాదమంతా ఆ తండ్రీకూతుళ్ల నడుమే ఉంది. సాహిత్య విద్యార్థులు దాన్ని పట్టించుకోవాలని నేనెందుకు అనుకుంటున్నానో చెబుతాను.

ముందు తండ్రి పక్షం. 1938లో పది సెంట్లకు అమ్మిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక, సూపర్‌మాన్ తొలిసారి కనిపించిన పుస్తకం, 2010లో పది లక్షల డాలర్లు పలికింది. 2024లో మరొక ప్రతి అరవై లక్షలు పలికింది. 1962లో పన్నెండు సెంట్లున్న స్పైడర్‌మాన్ తొలి కథ 2021లో ముప్పై ఆరు లక్షలు. అరుదైన వస్తువు, సినిమాలు తెచ్చిపెట్టిన పేరు, డబ్బు దాచుకోవడానికి చోటు వెతుక్కునే ధనికులు: ఈ మూడూ ఉన్నంతకాలం ధర పెరుగుతూనే ఉంటుందని వీరి వాదం. ఇప్పుడు ఒకే ప్రతిని వాటాలుగా కోసి అమ్మే వ్యాపారం కూడా వచ్చింది. పుస్తకంలో వెయ్యోవంతు కొన్నవాడు ఏ పుట చదువుతాడో నాకు అర్థం కాలేదు.

కూతురి పక్షం వారు తపాలా బిళ్లలను చూపిస్తారు. ఆ సరదా ఉన్న తరంతోనే ఆ గిరాకీ సన్నగిల్లిందంటారు. కరోనా రోజుల్లో ఆకాశానికెక్కిన ధరలు ఆ తర్వాత చాలా పుస్తకాలకు దిగివచ్చాయి. దుకాణాలకు ఈ పుస్తకాలు చేరవేయడంలో ఒకప్పుడు దాదాపు గుత్తాధిపత్యం చెలాయించిన డైమండ్ సంస్థ 2025 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. నేటి పిల్లలు చదివేది జపాన్ మాంగా.

రెండు పక్షాలకూ అంకెలున్నాయి. రెండూ తప్పించుకునే ప్రశ్న ఒకటుంది: ఆ అరుదు ఎక్కడి నుంచి వచ్చింది?

1938లో ఆ పుస్తకాన్ని ఎవరూ దాచలేదు. పిల్లలు చదివారు, చేతులు మార్చుకున్నారు, చింపుకున్నారు. యుద్ధకాలంలో చిత్తుకాగితం పోగుచేసే ఉద్యమంలో బళ్లకెత్తి ఇచ్చేశారు. ఇవాళ మిగిలినవి ఒక నూరు ప్రతులని అంచనా. అంటే ఆ అరవై లక్షల విలువను కల్పించినవాళ్లు చదివి పాడుచేసిన లక్షలాది పిల్లలు! 2025 నవంబరులో తొంభై ఒక్క లక్షల ఇరవై వేల డాలర్లకు అమ్ముడుపోయిన సూపర్‌మాన్ మొదటి సంచిక దొరికింది ఒక ఇంటి అటక మీద, పాత న్యూస్ పేపర్ల కింద, అట్టపెట్టెలో. ఒక అమ్మ తన చిన్ననాడు అన్నదమ్ముడితో కలిసి కొనుక్కున్నవి దాచుకుంటే, కొడుకులకు అవి దొరికాయి. దాన్ని కాపాడింది ఏ మదుపుదారూ కాదు.

మదుపుదారులే దాచినప్పుడు ఏం జరిగిందో కూడా చరిత్రలో ఉంది. 1991లో ఎక్స్‌మెన్ కొత్త మొదటి సంచికను ఐదు వేర్వేరు ముఖచిత్రాలతో ఎనభై లక్షల దాకా అచ్చేసి దుకాణాలకు తోలారు. 1992లో సూపర్‌మాన్ మరణించిన సంచికను నల్ల సంచిలో మూసి అమ్మారు. జనం రెండేసి కొన్నారు: ఒకటి చదవడానికి, ఒకటి సంచి విప్పకుండా పిల్లల కాలేజీ చదువు కోసం. అందరూ దాచినది అరుదెలా అవుతుంది? మామూలు ప్రతులు ఈనాటికీ ఆనాటి వెల దరిదాపుల్లోనే తచ్చాడుతున్నాయి. ఆ బుడగ పగిలి వేల దుకాణాలు మూతపడ్డాయి. 1996 డిసెంబరులో మార్వెల్ సంస్థే దివాలాకెక్కింది.

సరుకుకు ఉపయోగపు విలువ, మారకపు విలువ అని రెండు ముఖాలున్నాయని మనం పాఠాల్లో చెప్పుకుంటాం. మొదటిది రెండోదానికి ఆధారమని కూడా చెప్పుకుంటాం. 2000లో సి.జి.సి. సంస్థ మొదలై పుస్తకాలకు పదికి మార్కులేసి ప్లాస్టిక్‌లో బిగించడంతో, రెండో ముఖం మొదటిదాన్ని పూర్తిగా మింగేసింది. చదివితే విలువ పోయే పుస్తకం! నేను చూసిన సరుకుల్లో ఇంత వింతైనది మరొకటి లేదు.

ఇక్కడ మన అలవాటు గుర్తుకొస్తుంది. మా అమ్మ వారపత్రికల్లోంచి సీరియల్ పుటలు చింపి, వరసగా పేర్చి, దారంతో కుట్టించి బైండు చేయించేది. చందమామలకు ముఖచిత్రాలు తీసేసి ఏడాదివి ఒక సంపుటం. అమెరికా మదింపుదారుడు చూస్తే సున్నా మార్కులేస్తాడు. ఆ బైండులే వీధిలో పది ఇళ్లు తిరిగాయి. ఇప్పుడు పాత చందమామలకు గిరాకీ ఉంది. ఆదివారాలు ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద వెతికేవాళ్లను చూస్తుంటాను. కానీ వాళ్లు అక్కడే నిలబడి చదవడం మొదలుపెడతారు, అమ్మేవాడు విసుక్కునేదాకా.

మన మిత్రుల్లో మూడో అభిప్రాయం ఒకటుంది. కామిక్స్ సామ్రాజ్యవాద సంస్కృతి చెత్త, ఆ బజారు కూలితే మనకేం అంటారు. నేనొప్పుకోను. ఆ చెత్త అన్నదాన్ని విప్పి చూడండి. సూపర్‌మాన్‌ను సృష్టించిన సీగెల్, షుస్టర్ క్లీవ్‌లాండ్‌లో మాంద్యం కాలపు పేద యూదు కుర్రవాళ్లు. వాళ్ల తొలి కథల్లో ఆ వీరుడు యుద్ధ సామగ్రి వ్యాపారిని పట్టుకుని సిపాయిగా యుద్ధరంగానికి పంపుతాడు. గని యజమానిని అతని గనిలోనే ఇరికించి, కార్మికుల ప్రాణభయం ఎలాంటిదో రుచి చూపిస్తాడు. 1940ల చివర అమెరికా ఊళ్లలో ఇలాంటి పుస్తకాలను కుప్పపోసి తగలబెట్టించారు. 1954లో సెనేట్ విచారణ తర్వాత వచ్చిన నియమావళి పోలీసులనూ, న్యాయమూర్తులనూ, అధికారులనూ అగౌరవంగా చూపరాదని శాసించింది. చెత్త అని కొట్టిపారేసేవాళ్లు తాము ఎవరి పక్కన నిలబడుతున్నారో చూసుకోవాలి.

ఆ ఇద్దరు కుర్రవాళ్లు సూపర్‌మాన్ సర్వహక్కులూ 130 డాలర్లకు అమ్ముకున్నారు. 1975లో పత్రికల్లో గొడవయ్యాక గానీ ఏడాదికి తలా ఇరవై వేల డాలర్ల భరణం, కథ మీద తమ పేరు దక్కలేదు. ఆ 130 డాలర్లు కూడా కలిపి ఇచ్చిన చెక్కు కాగితం 2012 వేలంలో లక్షా అరవై వేలు పలికింది. దోపిడీకి సాక్ష్యం కూడా సేకరణ వస్తువే అయిపోయింది!

నన్నడిగితే, శిఖరాన ఉన్న కొద్ది ప్రతులు చిత్రపటాల్లాగా ధనికుల మధ్య చేతులు మారుతూనే ఉంటాయి. నా మిత్రుడి బీరువాలోని మధ్యతరగతి సంచికలు మాత్రం వాటిని చదివిన చిన్నతనాల జ్ఞాపకం మీద బతుకుతున్నాయి. ఆ జ్ఞాపకం ఉన్నవాళ్లు పోతే దిగజారుతాయి. ఇంతవరకు కూతురిదే సరైన మాట. అయితే ఆమె పక్షంవారు పిల్లలు చదవడం లేదని విచారపడటం పొరపాటు. వాళ్లు చదువుతున్నారు. మాంగా సంపుటాలు, గ్రంథాలయాల్లోని బొమ్మల నవలలు ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు అచ్చవుతున్నాయి, అందువల్ల వాటికి అరుదు రాదు. బజారుకు అది నష్టం. పాఠకుడికి ఏం నష్టమో ఎవరైనా చెప్పాలి.

నా మిత్రుడికి ఈ మాటలు నచ్చలేదు. "నీదేం పోయింది, డబ్బు పెట్టినవాణ్ణి నేను" అన్నాడు. నిజమే, అతను అందులో పెట్టింది ఇరవై ఏళ్ల జీతంలో మిగిల్చినది. దాని గురించి నేను హేళనగా మాట్లాడలేను.

వచ్చేముందు వాళ్లమ్మాయి ఆ ఊరి గ్రంథాలయం నుంచి తొలినాటి సూపర్‌మాన్ కథల పునర్ముద్రణ తెచ్చిపెట్టింది. అంచులు నలిగి, ఒక పుట మీద ఎవరో పిల్లవాడి జిడ్డు వేలిముద్ర ఉంది. గని కథను భోజనాల బల్ల దగ్గర బయటికి చదివాను. మిత్రుడు మొదట పేపరు చూస్తూ కూర్చున్నాడు. సగంలో లేచి వచ్చి నా భుజం మీదుగా బొమ్మలు చూడసాగాడు.