సరిహద్దులు దాటిన పరిశోధన: ఒక గ్రంథ విమర్శ

ఒక దేశములో ప్రధాన కార్యాలయము, అనేక దేశములలో అనుబంధ సంస్థలు గల కంపెనీ తన పరిశోధనలను ఎక్కడ జరుపవలెను? అన్నింటిని ఒకే చోట జరిపినచో ఆయా దేశముల అవసరములు మరుగున పడును. ఎవరికి వారికే వదలినచో ఒకరు చేసిన పనినే మరొకరు తిరిగి చేయుదురు. క్రిస్టఫర్ బార్ట్‌లెట్, సుమంత్ర ఘోషాల్ 1989లో ప్రకటించిన ‘మేనేజింగ్ అక్రాస్ బోర్డర్స్’ అను ఆంగ్ల గ్రంథము ఈ చిక్కునే చర్చించినది. వీరిలో ఘోషాల్ తరువాతి కాలమున హైదరాబాదులోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌కు తొలి డీనుగా పనిచేసినారు.

దృష్టాంతములే ఈ గ్రంథమునకు బలము. ప్రాక్టర్ అండ్ గాంబుల్ సంస్థ ద్రవరూప డిటర్జెంటు కథ వానిలో మేలైనది. ఐరోపాలో చాలచోట్ల లభించునది కఠినజలము. అందలి కాల్షియం, మెగ్నీషియం లవణములు మురికి వదలుటకు అడ్డుపడును. జపానులో బట్టలను చన్నీటిలో ఉతుకుదురు. అమెరికాలో బట్టలకు పట్టు మురికిలో బంకమన్ను పాలు ఎక్కువ. వదలిన మన్ను మరల గుడ్డకు అంటరాదు. మూడు చోట్ల రసాయన శాస్త్రజ్ఞులు వేర్వేరుగా సాధించిన ఫలితములు కలిసి, 1984లో అమెరికా విపణికి వచ్చిన లిక్విడ్ టైడ్‌కు ఆధారమైనవి.

దీనికి విరుద్ధమైనది ఫిలిప్స్ అనుభవము. ఆ సంస్థ 1979లో వి-2000 అను వీడియో పద్ధతిని వెలువరించినది. కాని దాని ఉత్తర అమెరికా శాఖయే దానిని అమ్ముటకు నిరాకరించి, జపానులో తయారైన వి.హెచ్.ఎస్. యంత్రములను తన పేరుతో అమ్మినది. శాఖల సమ్మతి లేనిచో ప్రయోగశాలలో గెలిచిన యంత్రము కూడ అంగడిలో ఓడిపోవచ్చును.

అయితే గ్రంథకర్తలు పరిశీలించిన తొమ్మిది సంస్థలూ అమెరికా, ఐరోపా, జపానులకు చెందినవే. అందుచేత ఒక ముఖ్య ప్రశ్నకు ఇందులో తగినంత చోటు దొరకలేదు. భారతదేశము వంటి చోటనున్న శాఖ తన సమస్యను తానే ఎన్నుకొనునా, లేక ఇతరులు నిర్ణయించిన సమస్యలో ఒక ముక్కను మాత్రమే పూర్తిచేయునా? 1998లో మైక్రోసాఫ్ట్ హైదరాబాదులో అభివృద్ధి కేంద్రమును నెలకొల్పిన తరువాత ఇది మనకు దూరపు ప్రశ్న కాదు.

దీనికి సమాధానము గ్రంథములోని డిటర్జెంటు కథలోనే ఉన్నది. మూడు ప్రయోగశాలలును తమ తమ సమస్యను తామే ఎదుర్కొన్నవి గనుకనే ఒకదానికొకటి ఇచ్చుటకు వానివద్ద కొంత జ్ఞానము ఉన్నది. సొంత ప్రశ్న లేని ప్రయోగశాలను ఎంత చక్కగా సమన్వయపరచినను ఫలితము స్వల్పమే.

కఠినజలమును బోధించు ఉపాధ్యాయులు ఈ ఒక్క కథనైనను విద్యార్థులకు వినిపించుట మంచిది. ఊరి బావినీటిలో సబ్బు ఏల నురగ కట్టదో అడుగు విద్యార్థి, సరిగ్గా అట్టి సొంత ప్రశ్నతోనే పరిశోధనకు పూనుకొన్నవాడగును.