గండికోట: సగం చదివిన సాక్ష్యం

కడప జిల్లా జమ్మలమడుగు సమీపాన, పెన్నానది ఎర్రమల కొండలను కోసుకొని పారే లోయ అంచున గండికోట ఉన్నది. దానిని గురించి తెలుగులో వెలువడే రచనలు తరచుగా రెండు తెరగులు. ఒకటి పెమ్మసాని నాయకుల శౌర్యంతో మొదలై కోట పతనంతో ముగుస్తుంది. రెండవది గోల్కొండ వజీరు మీర్ జుమ్లా దక్షతతో మొదలై జామె మసీదు సౌందర్యంతో ముగుస్తుంది. విచిత్రమేమంటే, రెండు పక్షాలకూ ముఖ్యసాక్షి ఒక్కడే. అతడు 1652లో కోటకు వచ్చిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్.

ఆయన యాత్రాగ్రంథం 1676లో ఫ్రెంచిలోను, బాల్ చేసిన ఆంగ్లానువాదం 1889లోను అచ్చయినవి. గోల్కొండ సుల్తానుకు అమ్మదలచిన ముత్యాలను ముందుగా వజీరుకు చూపవలసి ఉండి ఆయన అక్కడికి వెళ్ళాడు. మీర్ జుమ్లా కాలివేళ్ళ సందుల్లోను, ఎడమచేతి వేళ్ళ నడుమను ఉత్తరాలు ఇరికించుకొని, ఒక్కొక్కటే తీసి జవాబులు చెప్పి రాయించడం వర్ణించాడు. ఆ గ్రంథమే మరొక సంగతీ చెబుతుంది: గుళ్ళలోని రాగి విగ్రహాలను తెప్పించి, ఒక ఫ్రెంచివానిచేత ఫిరంగులు పోత పోయించబోగా పని సాగలేదని.

మొదటి పక్షం విగ్రహాల సంగతి తీసుకొని ఉత్తరాల సంగతి వదలుతుంది. రెండవ పక్షం ఉత్తరాలు తీసుకొని విగ్రహాలను దాటిపోతుంది. ఇది చరిత్ర కాదు, వకాల్తా. హదీసు విద్వాంసులు ఒక కథనాన్ని స్వీకరించే ముందు చెప్పినవాడెవడు, స్వయంగా చూచినదేది, విన్నదేది అని విడదీసి పరీక్షించారు. తమకు నచ్చిన ముక్కను ఉంచుకొని నచ్చనిదానిని పారవేయలేదు. సాక్ష్యం తనవారికి ప్రతికూలమైనా దాచరాదన్నది ఇస్లామీయ నీతికి పునాది. ఆ కొలతతో చూస్తే రెండవ పక్షం చేసిన లోపమే ఎక్కువ విచారకరం.

కట్టడాలు మాత్రం ఏ పక్షమూ వహించలేదు. కోటలో మాధవరాయస్వామి గుడి గోపురం నేటికీ నిలిచే ఉన్నది. మసీదు పక్కనే పెద్ద ధాన్యాగారం ఉన్నది. మతం, తిండి, నీరు, కాపలా ఒకే ప్రాకారంలో ఇమిడిన ఊరు అది. దానిని జయించిన మీర్ జుమ్లా సైతం ఇరాన్ నుండి వచ్చి వజ్రాల వ్యాపారంలో పైకి వచ్చిన వర్తకుడే. కోటను వర్తకం నుండి వేరుచేసి రాసే పద్ధతి ఇందుకే పొసగదు.

ఆ వర్తకపు జాడలు కోటలో కంటె దిగువ ఊళ్ళలో ఎక్కువ. పత్తికీ బంగారానికీ పేరుపడిన ప్రొద్దుటూరులోను, జమ్మలమడుగు, పులివెందుల బజార్లలోను వాడే సరాఫు, దుకాణం, జమ, బాకీ, వసూలు అన్న మాటలు అరబీ, ఫార్సీల నుండి వచ్చి తెలుగు పద్దుపుస్తకాల్లో స్థిరపడినవి. వాటిని రాసుకొన్న సెట్లకుగాని సాయిబులకుగాని అవి పరాయివన్న తలంపు లేదు. స్థానిక చరిత్రల సంపుటాలను మనం పిలిచే 'కైఫీయతు' అన్న పేరే అరబీ మాట.

అయితే రక్షణ కోటకే దక్కింది. అది కేంద్ర పురావస్తు శాఖ అధీనంలో ఉన్నది. వర్తకుల మిద్దెలూ, వీధి మసీదులూ సాధారణంగా 1958 నాటి చట్టం పరిధిలోకి రావు. కోట పేరే పెట్టుకొన్న 26.85 టి.ఎం.సి.ల జలాశయం నిండుతూ రాగా 2020లో తాళ్ళప్రొద్దుటూరు వంటి ఊళ్ళు మునిగినవి. సీమకు నీరు కావాలి. అందులో వాదం లేదు. కాని మునిగే ఊళ్ళలోని పాత ఇళ్ళ గడపలను, ఆరాధనాస్థలాలను, దస్తావేజులను కోట మీద చూపిన శ్రద్ధలో పదోవంతుతోనైనా మన రచయితలు నమోదు చేశారా?

మిగిలిన మూడు పట్టణాలలోనైనా ఆ పని జరగాలి. ఉర్దూ, ఫార్సీ తెలిసినవారూ, పాత తెలుగు లెక్కలు చదవగలవారూ ఒకే చాప మీద కూర్చుంటే తప్ప అది సాధ్యం కాదు. అంతవరకు గండికోట గురించి ఎవరేమి రాసినా, సాక్ష్యాన్ని మొత్తంగా చదివారా అని అడగడం పాఠకుని హక్కు.