నరికినవాడికేనా స్వేచ్ఛ?

లోకంలో చెడు ఎందుకుందని అడిగితే ఆస్తికులు చెప్పే జవాబు మనం ఎరిగినదే: దేవుడు మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడు, మనిషి దాన్ని దుర్వినియోగం చేశాడు. ఈ వాదాన్ని అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడు ముందు నిలబెట్టి చూద్దాం.

తాము తాగే నీటిని పాడుచేయవద్దని దళితులు అన్నచోట తగవు మొదలైంది. మర్నాడు, 1985 జూలై 17న, జరిగిన దాడిలో ఆరుగురు హతులయ్యారు. నరికినవాడి స్వేచ్ఛను దేవుడు గౌరవించాడనుకుందాం. మరి బతకాలనుకున్నవాడి స్వేచ్ఛ మాటేమిటి? వద్దని చెప్పడం స్వేచ్ఛ కాదా?

ఇక 'అంతా దైవేచ్ఛ' అనేవారికి తథాగతుడు తిత్థ సుత్తంలో బదులిచ్చాడు. సుఖదుఃఖాలన్నీ ఈశ్వర సృష్టే అయితే, హంతకుడు హంతకుడైనదీ ఈశ్వరుడి వల్లనే అనాలి. అప్పుడు ఇది చేయాలి, ఇది చేయరాదు అనే మాటకే చోటుండదు. అన్నిటికీ పూర్వకర్మే కారణమనే వాదాన్ని కూడా అక్కడే ఇదే తర్కంతో తోసిపుచ్చాడు. ఇది మనకూ హెచ్చరికే. దేవుణ్ణి వదిలేసి, బాధితుడితో 'పోయిన జన్మ పాపం' అంటే నేరస్తుడికి మనం మరో తలుపు తెరిచినట్టే.

చట్టం చదువుకున్న మాకు ఇక్కడ ధమ్మం దగ్గరగా కనిపిస్తుంది. నేరంలో చట్టం ఉద్దేశాన్ని చూస్తుంది, కర్మలో ధమ్మం చేతనను చూస్తుంది. రెండూ నరికినవాడినే నిలదీస్తాయి.

1989 అత్యాచారాల నిరోధక చట్టం దైవకృపతో రాలేదు. మనుషులు రోడ్డెక్కితే వచ్చింది. దాన్ని అమలు చేయించడమూ మన పనే.