తెరమీది స్త్రీయు, తెరముందటి మనమును

శృంగార చిత్రములలో నటించిన స్త్రీనిగూర్చి మాటాడుటకు గృహస్థుల యిండ్లలో నేటికిని సంకోచము కలదు. చూచుటకు మాత్రము అంత సంకోచము కానరాదు. మా సారంగాపూరు వంటి పల్లెలో సైతము సెల్‌ఫోను లేని యువకుడు అరుదు. తలుపు మూసికొని అందులో నేమి చూచినను చూచినవాని పేరు చెడదు. చెడునది తెరమీది స్త్రీ పేరే. ఈ న్యాయము ఎంతవరకు న్యాయమో, ఒక తెలుగు నటి అభినయమును ముందుంచుకొని విచారింతము.

సిల్కు స్మిత యని లోకమెరిగిన విజయలక్ష్మి 1960లో ఏలూరి సమీపమందలి కొవ్వలిలో జన్మించెను. బడిచదువు నాలుగవ తరగతితో ఆగిపోయెను. చిన్నతనముననే పెండ్లి జరిగెను. ఆ కాపురము నిలువలేదు. మద్రాసు చేరి నటీమణులకు ముఖాలంకరణ చేయుపనిలో కుదిరెను. 1980లో ‘వండిచక్రం’ అను తమిళ చిత్రమున సిల్కు అను సారాయి దుకాణపు యువతి వేషము ధరించగా, ఆ పాత్ర పేరే ఆమె పేరునకు ముందు నిలిచిపోయెను. రావణ వేషము వేసినవానిని వీథిలో ఎవ్వరును రాక్షసుడని తలపరు. ఈమెకు మాత్రము వేషము విప్పు అవకాశమును లోకము ఇయ్యలేదు.

భరతముని అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా చెప్పెను. స్మితను చూచినవారిలో పలువురు ఆంగికాహార్యములను, అనగా ఒడలిని, ఉడుపును మాత్రమే చూచిరి. మనస్సు ముఖమున తోచునట్టి సాత్త్వికమును గమనించినవారు కొలదిమంది. అట్టివారికి 1981లో ఏడిద నాగేశ్వరరావు నిర్మాణమున, భారతిరాజా దర్శకత్వమున వెలువడిన ‘సీతాకోకచిలుక’ సాక్ష్యము. ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారము పొందిన యీ చిత్రమున ఆమె శరత్‌బాబు పోషించిన డేవిడ్ పాత్రకు భార్య. కఠినుడైన భర్తకును, ప్రేమలో పడిన ఆడుబిడ్డకును నడుమ నలుగు ఆ యిల్లాలి బాధను ఆమె కన్నులతోనే చెప్పెను. తలవంచి నిలుచుటలోనే భయమును, ఆ భయము క్రింద మేల్కొను ధిక్కారమును కనబరచెను. ఇది రూపమువలన అయాచితముగా వచ్చిన సొగసు కాదు, నటన తెలిసినవారి పని.

మరుసటి యేడు, 1982లో, బాలు మహేంద్ర తీసిన తమిళ చిత్రము తెలుగున ‘వసంత కోకిల’గా వచ్చెను. అందు ఆమె వృద్ధుడైన ప్రధానోపాధ్యాయుని పడుచు భార్య. భర్తకడ దొరకని ప్రేమకై అదే బడిలోని పంతులును కోరును. దర్శకుడు ఆ కోరికను చూపుటకై ఒక స్వప్నగీతమును కల్పించి ఆమె శరీరమును కెమెరాకు అప్పగించెను. ఆ గీతమునకు ముందువెనుకల ఆమె చూపులోనున్న ఒంటరితనమును మనము లెక్కింపలేదు. జ్ఞాపకశక్తి పోయిన నాయికయు, వయసు చెల్లిన భర్తతో ముడివడిన యీమెయు, ఇరువురును నిస్సహాయలే. ఒకరి నిస్సహాయతకు కన్నీరు విడిచితిమి. మరియొకరి నిస్సహాయతకు ఈల వేసితిమి.

ఆమె నటనలో దోషములు లేవని నేననను. తరువాతి చిత్రములు అనేకములలో అదే ఓరచూపు, అదే పెదవి విరుపు, అదే నడక. కాని చిత్రము అమ్ముడుపోవుటకు ఆమె పాట ఒక్కటి చాలునని నమ్మిన వ్యాపారులు ఆమెనుండి మరియొకటి అడుగలేదు. అడుగనిదానిని ఇయ్యలేదని నటిని నిందించుట విమర్శ కానేరదు.

ఈ పక్షపాతము మన దేశమునకే పరిమితము కాదు. జపానున 1936లో అబే సదా అను స్త్రీ తన ప్రియుని చంపిన ఉదంతమును ఒషిమ నగిస 1976లో చిత్రముగా తీసెను. రతిని దాపరికము లేక చూపుటవలన, ఫిల్మును కడిగించుటకై ఫ్రాన్సునకు పంపవలసి వచ్చెను. నాయిక మత్సుద ఎయికో. పరిచారికగా ప్రవేశించిన స్త్రీ ప్రియుని ఆజ్ఞాపించునంతటి దగుటయు, ఆ కోరికయే తుద కామెను మ్రింగుటయు మత్సుద ముఖమునందు మెట్టుమెట్టుగా చూడవచ్చును. ఆ చిత్రకథా గ్రంథమునకై ఒషిమపై సాగిన అశ్లీలతాభియోగము 1982లో పూర్తిగా వీగిపోయెను. అంతకుముందే, 1978లో, కాన్ ఉత్సవమున ఆయనకు ఉత్తమ దర్శక బహుమానము లభించెను. ఆ చిత్రమునకును నాయకుడు మునుపటి ఫుజి తత్సుయయే. మత్సుదకు స్వదేశమున మిగిలినది నింద. కొలది చిత్రములతోనే ఆమె నటజీవితము ముగిసెను. చేసిన పని ఇరువురిదియు ఒక్కటే, ఫలము వేరు.

ఆ జపానుదేశమే 2022 జూనులో ఇట్టి చిత్రములలో నటించువారి రక్షణకై శాసనము చేసెను. ఒడంబడికకును చిత్రీకరణకును నడుమ ఒక మాసము, చిత్రీకరణకును విడుదలకును నడుమ నాలుగు మాసములు గడువు విధించెను. విడుదలయైన పిదపను ఒక సంవత్సరమువరకు ఒప్పందమును రద్దుచేసికొను హక్కు నిచ్చెను. నటి శీలమును తూచుట మాని ఆమె సమ్మతిని విచారించిన విధము గమనింపదగినది.

సంస్కర్తలమగు మనమును ఈ దోషమునకు దూరముగా లేము. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ముద్దుపళని రచించిన ‘రాధికాసాంత్వనము’ను వావిళ్లవారిచే ముద్రింపించెను. ఆ కావ్యమును జుగుప్సాకరమన్నవారు వీరేశలింగము పంతులుగారంతటివారు. సిగ్గను నియమము స్త్రీల రచనలకే గాని పురుషుల రచనలకు లేదా యని నాగరత్నమ్మ నిలదీసెను. గ్రంథము నిషేధింపబడి, ప్రకాశము పంతులుగారి ప్రభుత్వకాలమునగాని విముక్తి పొందలేదు. పంతులుగారియెడ నాకుగల గౌరవము తరుగదు; అయినను ఆ వాదమున ప్రశ్న నాగరత్నమ్మదే బలమైనది.

స్మిత 1996 సెప్టెంబరు 23న చెన్నైలో మరణించెను. అప్పటికి ఆమెకు ముప్పదియైదేండ్లు. ఆమె జీవితచ్ఛాయతో 2011లో వచ్చిన ‘డర్టీ పిక్చర్’ అను హిందీ చిత్రమున నటించిన విద్యా బాలన్‌కు జాతీయ ఉత్తమనటి పురస్కారము లభించెను. ఆ నటనకు అది తగినదే. కాని ఆ జీవితమును బ్రతికిన స్త్రీకి అట్టి మన్నన దక్కలేదు.

ఇంట నెవరైన ఇట్టి నటి పేరు విని వెకిలిగా నవ్వినపుడు పెద్దలు మాట మార్చి తప్పించుకొనరాదు. ఆమె యేమి నటించినది, ఎవరు నటింపజేసిరి, లాభము ఎవరికి పోయినది, ఆమెకు వలదను స్వేచ్ఛ యుండెనా యని అడుగవలెను. చెడ్డ చిత్రమును చెడ్డదనుటకు నాకు సంశయము లేదు. ఆ మాట యనువాడు, దానికై టిక్కెట్టు కొన్నవారి వరుసలో తానును నిలిచెనేమో మొదట జ్ఞాపకము చేసికొనుట మేలు.